అమావాస్య నాటి కూరగుమ్మడి

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత తియ్యగుమ్మడికి వర్తించదని, బూడిద రాలేది బూడిదగుమ్మడి మీది నుంచే గనుక ఆ దొంగ ఎత్తుకెళ్ళినది అదేనని మా ఇంట్లో చాలాసార్లు వాదించి గెలిచాను. గెలవడమంటే, మా ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం.

మొన్నటి అమావాస్య ఆదివారం వచ్చింది. "సి క్యాంపు రైతుబజారులో ఒక కిలో ముక్క కోయించుకుని రండి, పులుసు పెడతాను" అన్నది ఆవిడ. ముక్క అన్న మాట నాకు వినబడక కాదు, నచ్చక విడిచిపెట్టాను. కోసిన ముక్క నాలుగు రోజులకే జిగటపడుతుంది; బాగా ముదిరిన కాయ, తొడిమ ఊడకుండా ఉంటే, నీడపట్టున రెండు మూడు నెలలు నిలుస్తుంది. ఇంత తెలిసినవాడు ముక్క కొనడం ఏమి న్యాయమని ఎనిమిది కిలోల కాయను ఎత్తించి, స్కూటరు మీద కాళ్ళ మధ్య నిలబెట్టుకుని బయలుదేరాను. గుండ్రనివి దొర్లుతాయన్న చిన్న సంగతి మాత్రం ఆ సమయానికి గుర్తుకు రాలేదు.

కొండారెడ్డి బురుజు దాటేవరకు ఇద్దరమూ క్షేమంగానే ఉన్నాము. మా వీధి మలుపులో గతుకు తగలగానే కాయ నా అనుమతి లేకుండా దిగిపోయి, దారి తెలిసినదానిలా దొర్లుకుంటూ పోయి, నాలుగు రోజుల క్రితం తెరిచిన సెల్‌ఫోన్ల అంగడి మెట్టుకు కొట్టుకుని రెండు చెక్కలయింది. ఒక చెక్క వెల్లకిలా నిలిచింది; రెండవది నుజ్జునుజ్జయి, నారింజ రంగు గుజ్జు, గింజలు మెట్టు నిండా చిమ్మాయి. దూరం నుంచి చూసేవారికి ఆ రంగు కుంకుమ కాక మరేమిటి? పైగా అమావాస్య. వెనుక వస్తున్న ఆటో ముక్కలను తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. ఒకావిడ తన పిల్లవాడి రెక్క పట్టుకుని అవతలి వైపుకు లాగింది.

అంగడి యజమాని బయటికి వచ్చాడు. "ఏంది సారూ ఇది? పొద్దున్నే మేము దిష్టి తీసుకుంటిమి. మళ్ళా మా గడప ముందర మీరేంటికి కొట్టిరి?"

ఇది దిష్టి కాదు, పౌష్టికాహారమని నిరూపించవలసిన బాధ్యత నా మీద పడింది. నూరు గ్రాముల పచ్చి గుమ్మడిలో 26 కెలోరీలే ఉంటాయని, తొంభై వంతులకు పైగా నీళ్ళేనని, పొటాషియం 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని, ఇప్పుడు ఆయన మెట్టు మీద మెరుస్తున్న ఆ రంగే బీటాకెరోటిన్ అని, దానిని మన శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుందని, అది నూనెతో కలిస్తేనే బాగా ఒంటబడుతుంది గనుక మన తాలింపులో అర్థముందని నిలువుకాళ్ళ మీద చెప్పాను. గింజలను కూడా విడిచిపెట్టలేదు. ఎండబెట్టి ఒలిచిన పప్పు నూరు గ్రాములకు ముప్పై గ్రాముల మాంసకృత్తులు, మెగ్నీషియం, జింకు. అసలు ఈ కాయ పుట్టినది అమెరికా ఖండంలోనని, 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తరువాతే ఇటు వచ్చిందని చెప్పబోతుండగా, చుట్టూ చేరినవారిలో ఒకాయన, "షుగరున్నోళ్ళు తినొచ్చా సార్?" అని అడిగాడు. బెల్లం లేకుండా, మితంగా తినవచ్చునని నేను చెబుతుంటే యజమాని ముఖం ఇంకా ఎర్రబడింది.

నా ప్రసంగం వల్ల కాని పనిని అటుగా వచ్చిన ఒక అవ్వ రెండు మాటల్లో చేసింది. "దిష్టికి బూడిదది కొడతారు గానీ కూరకాయ ఎవురన్నా కొడతారా? ఇంత తెలీకుండా అంగడెట్ల పెడితివి నాయనా!" యజమాని నోరు మెదపలేదు. నేను చీపురు అడిగి తీసుకుని మెట్టు ఊడ్చాను.

అవ్వ నిలిచి ఉన్న చెక్కను గోటితో గిల్లి చూసి, బాగా ముదిరిందని మెచ్చుకుని, చింతపండు పులుసులో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, ఈ ముక్కలు వేసి ఉడికించి, చిన్న బెల్లం ముక్క తగిలించి, ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలతో తాలింపు పెడితే జొన్నరొట్టెకు అంతకన్న ఏమి కావాలని నన్నే అడిగింది. ఆ వాసన నా ముక్కుకు తగిలినంత పనయింది. "దిష్టిది కాదని నేనంటిని గదా, మరి ఇది నాకియ్యి. ఇంటికాడ దించిపో" అన్నది. నాలుగు కిలోల చెక్కను భుజాన పెట్టుకుని రెండు సందులు నడిచాను. చెక్క లోపలి వైపు ఎటు తిరిగి ఉన్నదో చూసుకోలేదు.

ఉత్త చేతులతో ఇల్లు చేరాను. ఆవిడ చింతపండు నానబెట్టి ఎదురుచూస్తున్నది.

"ఈ రోజు రైతుబజారుకు గుమ్మడికాయలే రాలేదు" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు, నా భుజం వైపు చూసింది. నా చేయి దానంతట అదే అక్కడికి పోయింది. తడుముకోగానే తెల్లని గింజ ఒకటి రాలి, మా ఇద్దరి మధ్య నేల మీద పడింది.