వినాయకుడికి సీటు బెల్టు

బోరు వేయించాలన్నా, బీరువా జరపాలన్నా పంచాంగం తిరగేసే మా బాబాయి, పాత కారు కొనేటప్పుడు మాత్రం దాని పుట్టిన తేదీ చూసుకోలేదు. మైలేజీ అడిగాడు, టైర్లు బొటనవేలితో నొక్కాడు, బానెట్ ఎత్తించి ఇంజను చప్పుడు శాస్త్రీయ సంగీతం విన్నట్టు కళ్లు మూసుకుని విన్నాడు. వినవలసిన చప్పుళ్లు వేరే ఉన్నాయని అప్పటికి తెలియదు.

ఆ బండి 2019 ఆగస్టులో తయారైంది. ఇంకో రెండు నెలలు ముందు పుట్టి ఉంటే గొడవే లేకపోయేది. ఆ ఏడాది జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కారుకూ నోరుండాలని నిబంధన వచ్చింది. ముందు సీట్లో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే అరవాలి. వెనక్కి తీస్తుంటే అడ్డం ఏదైనా వస్తే అరవాలి. వేగం 80 దాటితే ఉండుండి అరవాలి, 120 దాటితే ఆపకుండా అరవాలి.

వీటిలో 80 దగ్గరి అరుపు మీద బాబాయికి న్యాయపరమైన అభ్యంతరం ఉంది. "నాలుగు వరుసల రోడ్డు మీద కారు 100 దాకా పోవచ్చని 2018లో చెప్పిందీ కేంద్రమే. 80కే కూయమని మరుసటి ఏడాది కార్లకు నేర్పిందీ కేంద్రమే. ఆ రెండు కాగితాలూ ఒక్కసారైనా ఎదురెదురు పడలేదంటావా?" అని నన్ను నిలదీసేవాడు, ఆ రెండింటి మీదా నేనే సంతకం పెట్టినట్టు. నిజం చెప్పాలంటే అందులో న్యాయం లేకపోలేదు.

అసలు రణరంగం మాత్రం ఎడమ సీటు. దాని లోపల బరువును పసిగట్టే పొర ఒకటుంటుంది. దానికి బరువు తెలుసు గాని మనిషి తెలియదు. రైతుబజారు నుంచి వచ్చే బూడిద గుమ్మడికాయ కూడా దాని దృష్టిలో బాధ్యత లేని ప్రయాణికుడే. గుమ్మడికాయకు బెల్టు పెట్టడం బాబాయికి నామోషీ. పెట్టకపోతే ఇల్లు చేరేదాకా మోత.

చవితి ముందురోజు మట్టి వినాయకుణ్ణి కొని, పీటతో సహా ఆ సీట్లోనే కూర్చోబెట్టారు. పిన్ని పత్రి సంచులతో వెనకాల సర్దుకుంది. బండి కదిలిందో లేదో కూత మొదలైంది. బాబాయి బెల్టు లాగి స్వామివారి బొజ్జ మీదుగా తిప్పబోయాడు.

"ఏమండీ, దేవుణ్ణి కట్టేస్తారా?"

"యశోద కృష్ణుణ్ణి రోలుకే కట్టేసింది."

"ఆవిడ తల్లి. మీరెవరు?"

ఈ ప్రశ్నకు బాబాయి దగ్గర జవాబు లేదు. చివరికి బెల్టును విగ్రహం వీపు వెనకనుంచి తీసి బిగించాడు. బండి నోరు మూసింది. స్వామికి కట్టు పడలేదు, శాసనానికి లోటు రాలేదు. తనకు విఘ్నేశ్వరుడే స్వయంగా ఉపాయం చెప్పాడని బాబాయి నమ్మకం. పండగ వెళ్లాక తన బెల్టు కూడా వీపు వెనకకు వెళ్లిపోయింది.

అక్కడినుంచి క్లిప్పు దాకా ఒక్క అడుగే. బెల్టు ఉండదు, దాని కొసన ఉండే ఇనుప నాలుక మాత్రం విడిగా అమ్ముతారు. సందులో దూర్చితే బండి మోసపోతుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఇలాంటి క్లిప్పుల అమ్మకపు ప్రకటనలు 13,118 తీయించేసింది. బాబాయికి మాత్రం రోడ్డు పక్క సీటు కవర్ల కొట్లో దొరికింది. అయితే కానిస్టేబులుకు క్లిప్పు కనిపించదు, బెల్టు లేని భుజమే కనిపిస్తుంది. వెయ్యి రూపాయలు కట్టి వచ్చాక పిన్ని ఆ క్లిప్పును ఎక్కడ పారేసిందో ఇంతవరకూ చెప్పలేదు.

ఓదారుద్దామని అమెరికా సంగతి చెప్పాను. 1974 మోడల్ కార్లు అక్కడ ముందు సీటు బెల్టులు బిగిస్తే గాని స్టార్టే అయ్యేవి కావు. పక్క సీట్లో సరుకుల సంచి ఉన్నా, కుక్క ఉన్నా అంతే సంగతులు. జనం మండిపడ్డారు. ఆ ఏడాది అక్టోబరులోనే చట్టం మార్చి ఆ ఏర్పాటు తప్పనిసరి కాదన్నారు, హెచ్చరిక కూత ఎనిమిది సెకన్లు మించకూడదన్నారు.

"ఎనిమిది సెకన్లా!" అన్నాడు బాబాయి కళ్లు చెమర్చి. "ఎంత దయగల దేశంరా!"

ఓదార్పు బెడిసికొట్టింది. మర్నాడే బండి మెకానిక్కు దగ్గరికి పోయింది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ల జోలికి వెళ్తే ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది సార్ అని అతను మొదటే చెప్పి, స్టీరింగు వెనక మీటర్ల పెట్టె విప్పాడు. లోపల బోర్డు మీద నల్లటి గుండ్రని ముక్క, దాని నడుమ సూది బెజ్జం. ఇన్నాళ్లూ అరిచింది అదే. దాన్ని ఊడదీసి బాబాయి అరచేతిలో పెట్టాడు.

ఇండికేటరు వేస్తే వినిపించే టిక్కుటిక్కు కూడా ఆ బెజ్జంలోంచే వస్తుందని ఎవరికీ తట్టలేదు. విజయవాడ వెళ్తూ ఎల్బీ నగర్ దాటాక ఒక లారీని దాటడానికి బాబాయి కుడి ఇండికేటరు వేశాడు. వరుస మారేటప్పుడు స్టీరింగు పెద్దగా తిరగదు కనుక అది తనంతట తాను ఆగలేదు. చౌటుప్పల్ దాకా బాబాయి కుడికి తిరుగుతూనే ఉన్నాడు, కారు నేరుగా పోతూనే ఉంది. వెనక బస్సులు, లారీలు కలిసి హారన్లు అందుకున్నాయి. పంతంగి టోల్‌గేటు దగ్గర ఒక డ్రైవరు దిగివచ్చి, "పెద్దాయనా, ఎటు పోతారో తేల్చుకుని బయలుదేరాల్సింది" అన్నాడు మర్యాదగా.

ముక్క మళ్లీ బోర్డెక్కింది. ఈసారి మెకానిక్కు దాని బెజ్జం మీద నల్ల టేపు అంటించాడు, చప్పుడు తగ్గుతుందని. తగ్గింది కూడా. బెల్టు గురించో, తలుపు గురించో, వేగం గురించో తెలియనంతగా తగ్గింది. అందుకని ఇప్పుడు ఆ కారులో పాటలు లేవు, ఏసీ రెండో నంబరు దాటదు. పిన్ని చుట్టాల పెళ్లి ముచ్చట్లు మంచి పట్టులో ఉండగా బాబాయి చెయ్యెత్తి, "ఆపండి, ఆపండి! బండి ఏదో అంటోంది" అంటాడు.