సెరామిక్ బ్రేక్ ప్యాడ్ గారికో బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెరామిక్ బ్రేక్ ప్యాడ్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా పట్టుపంచె తప్ప.

నిన్న బావమరిది పెళ్లికి బయల్దేరుతూ, ముందు టైరులో గాలి తగ్గినట్టుందని వంగి చూశాను. అంతే, చక్రానికున్న బ్రేకు పొడి అంటుకుని మోకాలి దగ్గర అరచెయ్యంత నల్లమచ్చ. తుడిస్తే ఇంకా పాకింది. మండపంలో మామగారు ఎగాదిగా చూసి, "ఏం అల్లుడుగారూ, బొగ్గుల కొట్టు పెట్టారా?" అన్నారు.

ఈ నలుపు పడలేకే కదండీ తమరిని తెచ్చుకుంది! పాత మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పీచు ఉంటుంది, నల్లగా రాలుతుంది. సెరామిక్ అయితే దుమ్ము తక్కువ, రాలినా లేత రంగు, చక్రానికి పెద్దగా అంటదు అన్నాడు షాపతను. నిజమే, లోపల ఉన్నది సెరామిక్ అయితే. పాతవి 1,400, తమరు 3,200. పెట్టె మీద 'డస్ట్ ఫ్రీ' అని బంగారు అక్షరాలు. నాలుగు వైపులా తిప్పి చూశాను, దేనితో చేశారో ఒక్క ముక్క లేదు. ఆవకాయ సీసా మీద కూడా ఉప్పు, నూనె అని రాస్తారు!

రెండు వారాలకే అలాయ్ వీల్ కాటుక డబ్బీ అయింది. మెకానిక్‌ని అడిగితే, "అది ప్యాడ్ పొడి కాదు సార్, డిస్క్ పొడి" అన్నాడు. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే పళ్లెం, బ్రేకు తొక్కితే తమరు నొక్కి పట్టేది. అది ఇనుమే, అరుగుతుంది, సరే. అరగదీస్తున్నదెవరు, మా తాతా? షాపతనేమో బ్రేకు ఎక్కువ తొక్కుతున్నానన్నాడు. అమీర్‌పేటలో తొక్కక దణ్ణం పెట్టమంటాడా? పొద్దున్నే తమరి పిల్లికూతల సంగతి ఇప్పుడొద్దు.

యూరప్ వాళ్లు బండ్ల కాలుష్యం మీద పెట్టిన యూరో 7 నిబంధనల్లో పెట్రోలు కార్ల బ్రేకు పొడి కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. నా పంచె మీదే అంతకంటే ఎక్కువుంది.

ఇక మర్యాద చాలు. ఒరుసుకుని బతికేదానివి, పొడి రాలకుండా ఎలా ఉంటావే? 'తక్కువ రాలుతుంది' అని రాస్తే కొననా? కొనేవాణ్ణే! ఆ 'ఫ్రీ' అన్న ముక్కకి 1,800 ఎక్కువ కట్టించుకున్నారు.

రాత్రి తిరిగొస్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన బైకుకి జానెడు దూరంలో ఆపావు. మా ఆవిడ పంచె గొడవ అక్కడితో వదిలేసింది. అది మాత్రం ఒప్పుకుంటా.

ఇట్లు,
బకెట్, బ్రష్షు పట్టుకున్న నీ ఓనరు

తా.క. వెనక చక్రాల్లో డబ్బాలా మూసి ఉండే డ్రమ్ బ్రేకుల్ని చూసి నేర్చుకో. వాటి చెత్త అవి ఇంట్లోనే దాచుకుంటాయి.