రోమ్ సైనికుడు ఎవరి ఉప్పు తిన్నాడు?

క్రీ.పూ. 107లో మారియస్ అనే కాన్సుల్ (ఏడాదికోసారి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి), సెంటు భూమి లేనివాళ్లను కూడా సైన్యంలో చేర్చుకున్నాడు. రోమ్ గణతంత్రం కూలిపోవడానికి అదే కారణమా? డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన బాబాయి అవునంటారు. గ్రూప్-1కి చదువుతున్న అన్నకూతురు రమ్య కాదంటుంది. మధ్యలో రెండు గ్లాసుల టీ.

బాబాయి: రోమ్‌లో సైనికుడంటే మొదట్నుంచీ రైతే. కత్తీ డాలూ సొంత డబ్బుతో కొనుక్కుని వచ్చేవాడు. యుద్ధమైపోతే ఇంటికెళ్లి దున్నుకోవాలి కాబట్టి సేనాధిపతి చుట్టూ తిరగాల్సిన ఖర్మ వాడికి లేదు. మారియస్ ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా రాజు జుగుర్తా మీద యుద్ధానికి పిలిచిందెవర్ని? జనాభా లెక్కల్లో ఆస్తి ఏమీ లేక, తలకాయ మాత్రమే లెక్కకొచ్చే జనాన్ని. వాళ్లు తిరిగి వెళ్లడానికి పొలమేది? పందొమ్మిదేళ్లు తిరిగేసరికి సుల్లా అనే సేనాధిపతి ఆరు లీజియన్లతో, అంటే వేల మంది ఉండే ఆరు సైనిక దళాలతో, రోమ్ మీదకే దండెత్తాడు.

రమ్య: మీరు సినిమా ఇంటర్వెల్ నుంచి చెబుతున్నారు బాబాయ్. ఆ రైతు అప్పటికి మిగిలాడా? స్పెయిన్‌లో ఏళ్ల తరబడి యుద్ధం చేసి వచ్చేసరికి ఇంటి దగ్గర పొలం బీడు పడేది, లేదా అప్పులకి పోయేది. ప్రభుత్వ భూమిని పెద్దవాళ్లు ఆక్రమించుకుని బానిసలతో సాగు చేయించేవాళ్లు. క్రీ.పూ. 133లో జనం తరఫున ఎన్నికైన ట్రిబ్యూన్ టైబీరియస్ గ్రాకస్ అడిగింది ఏమంత పెద్ద కోరిక? పాత చట్టంలోనే ఉన్న 500 యూగెరాల పరిమితి, అంటే మన లెక్కలో దాదాపు 310 ఎకరాలు. అంతకు మించింది పేదలకి పంచుదామన్నాడు. రోమ్ పెద్దల సభ సెనేట్‌లోని సభ్యులూ వాళ్ల మనుషులూ బెంచీ కాళ్లు విరగ్గొట్టి, వాటితోనే ఆయన్ని బాది చంపారు. ఆయనతో పాటు దాదాపు 300 మంది పోయారు. శవాలు టైబర్ నదిలో పారేశారు.

బాబాయి: గ్రాకస్ కూడా తక్కువ తినలేదు. తోటి ట్రిబ్యూన్ మార్కస్ ఆక్టేవియస్ వీటో చేస్తే, జనం చేత ఓటేయించి వాణ్ని పదవిలోంచి దింపేశాడు. ఆసియా మైనర్‌లోని పెర్గమమ్ రాజు తన రాజ్యాన్ని రోమ్‌కి రాసి పోతే, ఆ ఖజానా మీద సెనేట్‌ని అడక్కుండా చెయ్యేశాడు. మరుసటేడుకి కూడా ట్రిబ్యూన్‌గా ఉండాలని మళ్లీ పోటీకి దిగాడు.

రమ్య: తొందర మనిషే, ఒప్పుకుంటా. నియమం తప్పినవాణ్ని బెంచీ కాలుతో చంపమని ఏ నియమంలో ఉంది?

(బాబాయి టీ గ్లాసు అందుకున్నారు. జవాబు దొరకనప్పుడు ఆయన చేసే పని అదే.)

బాబాయి: సరే, మారియస్ దగ్గరికి రా.

రమ్య: వస్తున్నా. సైన్యంలో చేరడానికి ఉండాల్సిన ఆస్తిని మారియస్ కంటే ముందే తగ్గించుకుంటూ వచ్చారు. గ్రాకస్ తమ్ముడు గయస్ ఒక చట్టం తెచ్చాడు: సైనికుడి బట్టల ఖర్చు ప్రభుత్వానిదే, 17 ఏళ్లు నిండనివాణ్ని చేర్చుకోకూడదు అని. బట్టలకి కూడా డబ్బుల్లేనివాళ్లు అప్పటికే సైన్యంలో ఉన్నారన్నమాట. మారియస్ తీసింది సగం ఊడిన తలుపు. ఆ గయస్‌నీ క్రీ.పూ. 121లో బతకనివ్వలేదు.

బాబాయి: నా బాధ ఆ తర్వాతి సంగతి. జీతం ప్రభుత్వమిచ్చింది. పొలం మాత్రం సేనాధిపతి ఇప్పించాలి. ఆసియా మైనర్‌లోని పొంటస్ రాజు మిత్రిదాతిస్ మీద యుద్ధం సుల్లా చేతిలోంచి తీసి మారియస్‌కి అప్పగించినప్పుడు ఏమైంది? సైన్యాన్ని స్వాధీనం చేసుకోడానికొచ్చిన అధికారుల్ని సిపాయిలు రాళ్లతో కొట్టి చంపారు. ఆసియా కొల్లసొమ్ము తమకి రాకుండా పోతుందని భయం! సుల్లా రోమ్ మీదకి నడిస్తే, ఒక్క క్వెస్టర్ (ఖజానా అధికారి) తప్ప పై అధికారులంతా ఆయన్ని వదిలేసి పోయారు. సిపాయిలు కదల్లేదు. పొలాలున్నవాళ్లు పోయారు, లేనివాళ్లు ఉండిపోయారు. ఇంకేం రుజువు కావాలి?

రమ్య: అది నా సాక్ష్యం కదా! పొలం ఉంటే వాళ్లూ పోయేవాళ్లే. ఆ పొలం సెనేటే ఇచ్చి ఉంటే? క్రీ.శ. 6లో రోమ్ మొదటి చక్రవర్తి ఆగస్టస్ చేసిందదే. సైనిక ఖజానా అని వేరే పెట్టి, తన సొమ్ము 17 కోట్ల సెస్టెర్సులు (రోమ్ నాణేలు) వేశాడు. వారసత్వపు ఆస్తి మీద 5 శాతం పన్ను పెట్టాడు. ధనవంతులు గొణిగారు, కట్టారు. 20 ఏళ్లు కొలువు చేసిన లీజియన్ సైనికుడికి చివర్లో 12,000 సెస్టెర్సులు. అంతకు వందేళ్ల ముందు సెనేట్‌కి ఈ బుద్ధి పుట్టకూడదా?

బాబాయి: పెన్షన్ పెడితే తీరిపోయిందా? క్రీ.శ. 193లో చక్రవర్తికి కాపలా ఉండాల్సిన ప్రిటోరియన్ గార్డులే పెర్టినాక్స్ చక్రవర్తిని చంపి సింహాసనాన్ని వేలం వేశారు. డిడియస్ జులియానస్ అనే సెనేటర్ ఒక్కో గార్డుకి 25,000 సెస్టెర్సుల చొప్పున పాడుకున్నాడు.

రమ్య: ఆ గార్డులు లీజియన్ సైనికుడికంటే ఎక్కువ జీతం తీసుకునేవాళ్లు. పేదవాణ్ని చేర్చుకోవడం వల్లే సైన్యం చెడిందన్న మీ మాట ఏమైంది మరి?

బాబాయి: డబ్బు ఇస్తే చాలన్న నీ మాటా దాంతోనే పోయింది!

రమ్య: పోతే పోనీండి. బెంచీ కాలు మాత్రం మీ వాళ్ల చేతిలోనే ఉంది.

బాబాయి: ...ఈ టీ చల్లారిపోయింది. వెచ్చబెట్టుకుని వస్తా, ఉండు.