అటక శాస్త్రానికి అన్యాయం

పాత సాఫ్ట్‌వేర్‌ని ఎలా భద్రపరచాలో గోదావరి డెల్టాకి ఎవరూ నేర్పనక్కర్లేదు. పాతికేళ్ల కిందటే ఫ్లాపీలన్నీ (అప్పట్లో ఫైళ్లు దాచుకున్న చదరపు డిస్కులు) చెప్పుల డబ్బాలో సర్ది, రబ్బరు బ్యాండు వేసి, పాత పంచాంగాల మీద పెట్టి అటకెక్కించేశాం. ముట్టుకోని వస్తువు పాడవదన్నది అటక శాస్త్రంలో మొదటి సూత్రం. రెండో సూత్రం లేదు.

ఇంత పటిష్ఠమైన ఏర్పాటు ఉండగా కొందరు బయల్దేరి, ఆ సరుకంతా బ్రౌజర్లో నడిపిస్తామంటున్నారు. 2015 జనవరిలో పాత డిజిటల్ సరుకు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ, విండోస్‌కి ముందటి డాస్ కాలపు ఆటల్ని సుమారు 2,400 ఇలాగే వీధిలో పెట్టింది. పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌ని ఎమ్‌స్క్రిప్టెన్ అనే పనిముట్టుతో బ్రౌజర్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చేశారు. నొక్కితే చాలు, ఆట మొదలు. నిచ్చెన కూడా అక్కర్లేదు! కష్టపడకుండా దొరికే పాత వస్తువుకి విలువేముంటుంది?

పైగా వాళ్ల మడీ ఆచారం చూడాలి. ఫ్లాపీని డ్రైవులో పెట్టేముందు షట్టర్ జరిపి, లోపలి డిస్కుని వెలుతురులో తిప్పి చూడాలట. తెల్లమచ్చలుంటే బూజు. శ్రావణమాసపు చెమ్మకి మినప్పప్పు డబ్బాకే బూజు పడుతుంటే ఫ్లాపీకి పట్టడం వింతా? అలాగే లోపలికి తోస్తే డ్రైవులో డిస్కుని చదివే హెడ్డు ఆ బూజుతోపాటు ఆక్సైడ్ పూతనీ గీకేసి, ఆ మురికిని తర్వాతి ఫ్లాపీకి అంటిస్తుంది. పూతరేకు మందమైనా లేని పూత మరి. అందుకని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో దూది పుల్ల ముంచి మెల్లగా తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పెట్టాలి. డ్రైవు హెడ్డుకీ అదే స్నానం.

పెట్టేముందే ఫ్లాపీ మూలనున్న బుల్లి బిళ్ల కూడా జరిపి కన్నం తెరవాలి. తెరిచి ఉంటే లోపల రాయకూడదని అర్థం, మూసి ఉంటే రాయొచ్చని. (కంప్యూటరు వాళ్ల మర్యాదలు అంతే.) ఇది మరిస్తే విండోస్ 98 చదవడానికని వచ్చి, గుడి గోడ మీద పేరు చెక్కే యాత్రికుడిలా బూట్ సెక్టార్లో, అంటే డిస్కు మొట్టమొదటి ముక్కలో, తన గుర్తు గీసి పోతుంది.

డిస్కు నకలు తీయడానికి మామూలు డీడీ అనే ప్రోగ్రాము పనికిరాదు. చెడ్డ సెక్టారు (చదవలేని ముక్క) తగలగానే చతికిలబడుతుంది. డీడీరెస్క్యూ అనే దాని తమ్ముడైతే ఆ ముక్కని దాటి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ప్రయత్నిస్తుంది. 1.44 ఎంబీ ఫ్లాపీ అయితే వచ్చిన ఫైలు సరిగ్గా 14,74,560 బైట్లుండాలి: 80 ట్రాకులు, 2 వైపులు, 18 సెక్టార్లు, ఒక్కోదానికి 512 బైట్లు. పెళ్లి విస్తళ్ల లెక్కలో కూడా ఇంత పట్టింపు చూడలేదు.

ఇక నడిపించడం. నేటి ప్రాసెసర్‌ని పట్టుకుని మిల్లీసెకనుకి 3,000 ఆదేశాలకి కుదిస్తారు, లేకపోతే పాత ఆట పూనకం వచ్చినట్టు పరిగెడుతుందని. అంత డబ్బు పోసి కొన్నది ఇందుకా?

అసలు వేడుక డాస్ కాలంలో ఉత్తరాలు రాసుకున్న వర్డ్‌స్టార్‌లో ఉంది. తెర ఒక వరస జరపడానికి కంట్రోల్ డబ్ల్యూ నొక్కుతారు. బ్రౌజరు ట్యాబే మూసేస్తుంది. మాట చెరపడానికి కంట్రోల్ టీ. కొత్త ట్యాబు తెరుచుకుంటుంది. కొత్త వరసకి కంట్రోల్ ఎన్. కొత్త విండో ప్రత్యక్షం. పేజీయే కీబోర్డుని లాక్ చేసి ఫుల్ స్క్రీన్‌కి తీసుకెళ్తే తప్ప దీనికి విరుగుడు లేదు. దాచుకున్నది కూడా చాలాచోట్ల బ్రౌజరు కొట్లోనే ఉంటుంది. హిస్టరీతోపాటు సైటు డేటా కూడా తుడిచేసేవాళ్లున్న ఇంట్లో దానికి ఆయుష్షెంత?

అమలాపురం డీటీపీ షాపులో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసిన శుభలేఖ సంగతి మరీ ఘోరం. తెలుగు అక్షరాలన్నీ అను ఫాంటు సొంత సంకేతాల్లో ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే చి.ల.సౌ. కాస్తా కొమ్ములూ చుక్కలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలుగా దిగుతుంది. అందుకని ఒక్క శుభలేఖ కోసం విండోస్ 98, పేజ్‌మేకర్, ఫాంటు మొత్తం ఒకే హార్డ్ డిస్క్ ఇమేజ్‌లో పెట్టి, బ్రౌజర్లోనే పాత కంప్యూటర్‌ని నడిపే వీ86లో లేపాలట. ఆ వీ86 పేజీ డబల్ క్లిక్‌తో లేవదు, సర్వరు కావాలి. పైథాన్‌తో వచ్చే చిన్న సర్వరు ఫ్లాపీలకి చాలు. హార్డ్ డిస్క్ ఇమేజ్‌ని ముక్కలుగా అడిగితే మాత్రం అది మొత్తం ఫైలు తెచ్చి నెత్తిన పోస్తుంది. రేంజ్ రిక్వెస్టులు, అంటే అడిగిన ముక్కే ఇవ్వడం, తెలిసిన సర్వరే పెట్టుకోవాలి.

ఇంతకీ ఇవన్నీ ఊరికి పంచుదామంటే, మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక మరో 60 ఏళ్లుంటుంది. ఫ్లాపీకి అంత ఓపిక లేదు, అటకకి ఉంది. కాబట్టి ప్రస్తుతానికి ఎవరూ ఆ చెప్పుల డబ్బాని కదపొద్దు. కింద పంచాంగాల్లో చెదలు పనిలో ఉన్నాయి, వాటికి ఆటంకం.