పది నిమిషాల్లో అయిపోతే పచ్చదనం వచ్చేసినట్టేనా?

మైక్రోవేవ్‌తో చేసే రసాయన చర్య నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి అది గ్రీన్ కెమిస్ట్రీ, అంటే వ్యర్థాలు, హానికర పదార్థాలు తగ్గించే రసాయనశాస్త్రం, అనేస్తుంటారు. సింథసిస్ ల్యాబ్‌లో, అంటే రసాయన పదార్థాలు తయారుచేసే ల్యాబ్‌లో, పనిచేసినవాళ్లకు ఆయిల్ బాత్ (ఫ్లాస్కును వేడి నూనెలో ఉంచి కాచడం) సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు నూనె వేడెక్కాలి, ఆ వేడి ఫ్లాస్కు గాజును దాటాలి, అప్పుడుగానీ లోపలి ద్రావణానికి అందదు. ఈలోగా పైన, ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌లో నీళ్లు గంటల తరబడి పారుతూనే ఉంటాయి. మైక్రోవేవ్‌కి ఈ తతంగం అక్కర్లేదు. 2.45 గిగాహెర్ట్జ్ తరంగాల కింద నీరు, ఇథనాల్ లాంటి వాటి ధ్రువ అణువులు (ఒక కొనన ధన, మరో కొనన రుణ ఆవేశం ఉన్నవి) అటూ ఇటూ తిరగబోయి ఒకదాన్నొకటి రాసుకుంటాయి, ద్రావణం లోపల్నుంచే వేడెక్కుతుంది.

ఇందులో మాయేమీ లేదు, అంతా వేడి మహిమే. మైక్రోవేవ్ శక్తి రసాయన బంధాన్ని తెంచడానికి ఏమాత్రం చాలదు. కానీ మూత బిగించిన పాత్రలో పీడనం పెరుగుతుంది కాబట్టి, 78 డిగ్రీలకే మరిగే ఇథనాల్‌ని 148 దాకా తీసుకెళ్లొచ్చు. పది డిగ్రీలకు వేగం రెట్టింపవుతుందన్న మోటు లెక్క వేసుకున్నా అది 128 రెట్లు, అంటే ఎనిమిది గంటల రిఫ్లక్స్ (ఆవిరిని చల్లార్చి తిరిగి ఫ్లాస్కులోకే దించుతూ మరిగించడం) నాలుగు నిమిషాల్లోపే ముగుస్తుంది.

అంతమాత్రాన దాన్ని గ్రీన్ కెమిస్ట్రీ అనేయడం మాకు నచ్చదు. డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్ అనే హానికర సాల్వెంట్, అంటే ద్రావణి) బదులు నీళ్లో, ఇథనాలో వాడితే, లేదా అసలు సాల్వెంటే లేకుండా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి మీద చర్య జరిపితే అది నిజమైన మేలు, దాన్ని మనసారా మెచ్చుకుంటాం. అదే నీళ్లలో ఐదు నిమిషాల్లో తయారైన కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని శుద్ధి చేయడానికి సిలికా కాలమ్ (పదార్థాలను వేరుచేసే సిలికా పొడి నింపిన గొట్టం) మీద హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ అనే సాల్వెంట్లు సీసాల కొద్దీ గుమ్మరిస్తే మిగిలిందేమిటి? కరెంటు ఆదా కూడా ఖాయం కాదు: మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ తీసుకున్న విద్యుత్తులో కొంత తరంగాలుగా మారకముందే వేడిగా పోతుంది, చిన్న గొట్టంలో చేసే చర్యకైతే లెక్క తిరగబడినా ఆశ్చర్యం లేదు. పైగా ఈ తరంగాలు నీటిలోకి కొన్ని సెంటీమీటర్లకు మించి చొరబడవు కాబట్టి గొట్టంలో కుదిరింది పెద్ద ట్యాంకులో అలాగే కుదరదు, ద్రావణం సన్నని గొట్టంలో ఆగకుండా పారుతూ చర్య జరిపే నిరంతర ప్రవాహ రియాక్టర్ల వైపు వెళ్లాల్సిందే.

ఇంకోటి, వంటింటి అవెన్. 1986లో ఈ దారి తెరిచినవాళ్లు దాన్నే వాడారు, అప్పటికి వేరే గతి లేదు. ఉష్ణోగ్రత, పీడనం కొలిచే రియాక్టర్లు వచ్చాక కూడా మండే సాల్వెంట్‌ని మామూలు అవెన్‌లో పెట్టించడం విద్యార్థి ప్రాణంతో చెలగాటమే. ‘800 వాట్లు, మూడు నిమిషాలు’ అని రాసి వదిలేసిన పేపర్లను జర్నళ్లు వెనక్కి పంపాలి. చర్య ఎంత ఉష్ణోగ్రతలో జరిగింది, ఎన్ని వాట్-అవర్లు ఖర్చయ్యాయి, శుద్ధితో కలిపి ఎన్ని మిల్లీలీటర్ల సాల్వెంట్ పోసారు, ఇవి రాస్తేనే గ్రీన్ అన్న మాట శీర్షికలోకి రానివ్వాలి.