గురువారం దాకా ఆగని జబ్బులపై చర్యలు తీసుకోవాలి

విజయనగరం శివార్లలో ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడి ఆరోగ్య రిజిస్టరు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రోజూ అందరికీ బీపీ 120/80. తొంభై దాటిన మామ్మగారికీ అంతే, గుండె ఆపరేషనైన మాస్టారికీ అంతే. పైడితల్లి పండక్కి కూతురింటికి వెళ్లిన పెద్దాయనకి కూడా, మంచం ఖాళీగా ఉన్నా, 120/80.

డాక్టరుగారు వచ్చేది గురువారం. జబ్బు చేసేవాళ్లు ఆ రోజే చేయించుకోవాలి. మామ్మగారు శుక్రవారం ఎంచుకోవడం మొదటి తప్పు.

తెల్లారకుండానే ఆయా చూసింది. "ఏటో తేడాగుందండి. రాత్రినుంచి ముద్ద ముట్టనేదు, నన్ను కూతురనుకుని ఏదో మాటాడుతున్నారు" అంది. "వయసండీ" అని సూపర్‌వైజరుగారు అక్కడికక్కడే రోగనిర్ధారణ చేసేశారు. సంగతి మేనేజరుగారి దాకా వెళ్లేసరికి ఆయన పూజలో ఉన్నారు. పూజయ్యాక కార్యదర్శిగారిని అడిగారు. అంత పెద్ద డాక్టర్ని ఇంత చిన్న విషయానికి ఇబ్బంది పెడితే ఏం బాగుంటుంది, ముందు వాళ్లబ్బాయికి చెప్పమన్నారాయన. అబ్బాయిది న్యూజెర్సీ, అక్కడ రాత్రి. నిద్ర చెడగొడితే ఏం బాగుంటుంది? (అక్కడింకా గురువారమే. డాక్టరుగారు అక్కడుంటే ఏ గొడవా లేకపోను.) ఆఖరికి వాట్సాప్ గ్రూపులో "అమ్మగారు కాస్త డల్‌గా ఉన్నారు" అని పెట్టారు. వరసగా నమస్కారాలొచ్చాయి, ఒక గులాబీ పువ్వొచ్చింది. ఈలోగా మామ్మగారు టిఫిను తినకపోయినా షుగరు మాత్ర మాత్రం టైముకి మింగించి రిజిస్టర్లో టిక్కు పెట్టారు.

అయ్యా, తినని మనిషికి కొన్ని రకాల షుగరు మాత్రలు వేస్తే చక్కెర పడిపోయి మాట తడబడొచ్చు, స్పృహ పోవచ్చు. వేలు గుచ్చి ఒక్క చుక్క చూస్తే నిమిషంలో తెలిసే విషయం! ముసలివాళ్లకి లోపల ఇన్ఫెక్షన్ ముదిరినా ఒక్కోసారి ఒళ్లు కాలదు. ఉన్నట్టుండి మతి తప్పడం, మగతగా పడుండడమే వాళ్ల జ్వరం. అదే పక్షవాతమైతే, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. మీ మర్యాదలు అయ్యేసరికి అవి కాస్తా అయిపోతాయి. నిన్నెలా ఉన్నారు, ఇవాళేం మారింది, ఎప్పట్నుంచి, ఏ మాత్రలు వేశారు? డాక్టరుకి కావలసింది ఈ నాలుగు ముక్కలే. నాలుగూ ఆయాకి తెలుసు. ఆమె దగ్గర లేనిది ఆయన నంబరే! దాతల పేర్లన్నిటికీ పాలరాయి దొరికింది, ఒక్క ఫోన్ నంబరు రాయడానికి గోడ మీద జానెడు చోటు దొరకలేదా మీకు?

మధ్యాహ్నానికి ఆయాయే, ఎవర్నీ అడక్కుండా, తన ఫోన్లోంచి 108కి చేసింది. వచ్చిన కుర్రాడు వేలు గుచ్చి చూశాడు, చక్కెర అడుగంటింది. గ్లూకోజు ఎక్కించుకుంటూ తీసుకెళ్లారు. మామ్మగారు బతికారు.

పైవారి అనుమతి లేకుండా అంబులెన్సు పిలిచినందుకు ఆయాకి మెమో ఇచ్చారు. దాన్ని టైపు కొట్టించి, కార్యదర్శిగారి సంతకం పెట్టించి, ఆమె చేతికందించడానికి గంట కూడా పట్టలేదు.