వర్ధంతి నాటి చెక్కు జూన్‌లో అక్కరకొస్తుందా?

అమ్మానాన్నల పేరిటో, అకాలంగా పోయిన బిడ్డ పేరిటో పేద పిల్లల కోసం ట్రస్టు పెట్టడం తెలుగునాట చాలా ఊళ్లలో ఉన్నదే. వర్ధంతి రోజున హైస్కూల్లో సభ, ఫొటోకు దండ, పదిలో మొదటి ముగ్గురికి శాలువా, చెక్కు. ఆ ముగ్గురికీ ఎలాగూ గురుకులంలో సీటో, ప్రైవేటు కాలేజీలో రాయితీయో దొరుకుతుంది. చదువు ఆగేది మధ్యరకం మార్కులవాళ్లది, అదీ జూన్, జులైల్లో. వర్ధంతి ఏ డిసెంబరులోనో వస్తే అప్పటికి ఆ పిల్లాడు ఏ మెకానిక్ షెడ్డులోనో చేరిపోయి ఉంటాడు.

లెక్క చూద్దాం. రూ.10 లక్షలు డిపాజిట్ చేస్తే 7 శాతం వడ్డీకి ఏటా రూ.70 వేలు. దాన్ని ముప్పై మందికి రెండేసి వేలు పంచితే ఫొటో నిండుగా వస్తుంది, ఎవరి చదువూ నిలబడదు. అదే పాలిటెక్నిక్‌లో చేరేవాళ్లలో ఏటా ఒక్కరినే ఎంచుకుని, మూడేళ్లపాటు ఏటికి రూ.20 వేలు ఇస్తే? మూడో ఏడు నుంచి ఎప్పుడూ ముగ్గురు చదువుతుంటారు. వడ్డీ 6 శాతానికి పడినా లెక్క తప్పదు. చిక్కల్లా మొదటి రెండేళ్లే, అప్పుడు ఒకరో ఇద్దరో ఉంటారు కాబట్టి వడ్డీ మిగిలిపోతుంది. పన్ను మినహాయింపు నిలవాలంటే ఏటి ఆదాయంలో కనీసం 85 శాతం ఖర్చు చూపాలి. మిగిలింది ఫలానా పనికి దాస్తున్నామని గడువులోగా ఫారం వేస్తే ఐదేళ్ల వెసులుబాటు ఉంది. ఆ సంగతి చాలామందికి ఆడిటర్ చెప్పేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

ట్యూషన్ ఫీజు జోలికి వెళ్లకపోవడమే మేలు. అర్హులకు ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ ఉంది, ఆలస్యంగానైనా వస్తుంది. ట్రస్టు ముందే కట్టేస్తే, తర్వాత వచ్చిన సొమ్మును కాలేజీ నుంచి రాబట్టడం తలకు మించిన పని. పిల్లలు నలిగేది చిన్న ఖర్చుల దగ్గర: బస్ పాస్, మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్, వర్క్‌షాప్ ఏప్రన్. కోర్సు అయ్యాక బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే మాత్రం ఆదుకోవాల్సిందే. అప్పుడు సొమ్ము అడ్వాన్సుగా ఇస్తున్నట్టు కాగితం రాయించుకోవాలి.

డబ్బు పంపే ముందు విద్యార్థి ఖాతాలో ఒక్క రూపాయి వేసి చూడండి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతాను బ్యాంకు వాడుకలో లేనిదిగా (ఇనాపరేటివ్) పక్కన పెట్టేస్తుంది. కేవైసీ చేయించేలోపు పరీక్ష ఫీజు గడువు దాటుతుంది.

అన్నిటికన్నా మొండి చిక్కు ట్రస్టు డీడ్‌లో, అంటే ట్రస్టు పెట్టేటప్పుడు రాసుకునే పత్రంలో ఉంటుంది. ‘మా ఊరి హైస్కూల్ ఫస్టు విద్యార్థికి’ అని బిగించి రాస్తారు. కొన్నాళ్లకు ఆ బడి పక్క ఊరి బడిలో విలీనమవుతుంది. డబ్బు బ్యాంకులో మూలుగుతున్నా, ఆ షరతు సడలించడానికి కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు. ‘లేదా ఈ మండలంలో చదివే, ట్రస్టీలు ఎంపిక చేసిన ఏ పేద విద్యార్థికైనా’ అని రిజిస్ట్రేషన్ నాడే ఒక వాక్యం చేరిస్తే సరిపోయేది.